చూరు కింద జీనువాయి

పాపాయమ్మ వడిసెల తిప్పి వదిలిన రాయి ఒకసారి వశిష్ఠ గోదావరి దాటిపోయి, అవతలి గట్టున పడుకున్న గేదె కొమ్ము విరగ్గొట్టిందని సరుగుడులంకలో ఇప్పటికీ చెప్పుకుంటారు. గోదావరి అక్కడ మైలు వెడల్పు. నమ్మని వాళ్ళకి కొమ్ము చూపించేవారు. ఆవిడ ఇంటి గుంజకి దిగ్గొట్టి ఉండేది. గేదె ఆసామి పడవెక్కి తగువుకొచ్చి కొమ్ము మర్చిపోయి వెళ్ళాడని కొందరూ, తన్నులు తిని కొమ్ముతోబాటు ఒక చెప్పు కూడా వదిలేసి పరిగెత్తాడని కొందరూ అంటారు. చెప్పు మాత్రం ఎవరూ చూడలేదు.

రాజోలుకి దిగువన, అంతర్వేది దారిలో ఉంటుంది ఆ ఊరు. అక్కడ సుబ్బరాజు గారికి ఏటిగట్టుని ఆనుకుని పన్నెండెకరాల వరిచేను ఉండేది. పిట్టల బారి నుంచి ఆ చేను కాయడం పాపాయమ్మ పని. అంతకు ముందు ఆవిడ తండ్రి సాలమోను పని. కంకి పాలు పోసుకున్న రోజు నుంచి పనలు కుప్పపడే రోజు దాకా ఆవిడ మంచె దిగేది కాదు. ఆ నలభై రోజులూ రాజుగారు సైతం ఒక కేక వేసి, జవాబు విన్నాకే గట్టు మీద కాలు పెట్టేవారు. ఒక ఏడు కేక వెయ్యడం మర్చిపోతే ఆయన గొడుగు గొడుగుగా మిగల్లేదు. పాపాయమ్మకి మొగుడు లేడు, పిల్లలు లేరు, సెంటు భూమి లేదు. ఉన్నది ఆ కావలి ఒక్కటే.

మొగుడు అసలు లేకపోలేదు. మురమళ్ళ నుంచి వచ్చిన పెళ్ళికొడుకు నాలుగో నెలలో ఆవిడ మీద చెయ్యెత్తాడు. ఎత్తిన చెయ్యి మళ్ళీ మామూలుగా దిగడానికి ఆరు వారాలు పట్టింది, అదీ కట్టు కట్టేవాడి పుణ్యాన. కట్టు విప్పిన రోజునే అతను లాంచీ ఎక్కేశాడు.

ఎడమ చెవి సగమే ఉండేది ఆవిడకి. కొబ్బరికాయల దొంగ ఒకడు చెట్టు మీంచి కొడవలి విసిరితే తెగిపోయింది. తెగిన ముక్క కొంగున కట్టుకుని, వాణ్ణి సఖినేటిపల్లి రేవు దాకా తరిమి, రెండు మోకాలి చిప్పలూ పగలగొట్టి, అక్కణ్ణుంచి తిన్నగా కాంపౌండరు దగ్గరికి వెళ్ళి ముక్క కుట్టమంది. ఇది అతకదమ్మా అన్నాడాయన. దాంతో ఆయన బల్ల కూడా అతకని స్థితికి వచ్చింది. ఆ తర్వాత ఏ పిల్లకి చెవులు కుట్టమన్నా ఆ కాంపౌండరు ముందు కిటికీలోంచి వీధి చూసుకునేవాడు.

ఇలాంటి మనిషికి చదువేముంటుంది అనుకుంటాం. అక్షరం రాదు గానీ, పిట్టల విషయంలో ఆవిడ దగ్గరున్న చదువు కాలేజీల్లో దొరకదు. చంపగా చంపగా వచ్చిన చదువు అది. తొమ్మిదో ఏట మొదటి పిట్టని కొట్టింది. అప్పట్నించి సాయంత్రం మంచె దిగేటప్పుడు నారతాడుకి గుచ్చిన పిట్టల దండ భుజాన వేళ్ళాడుతూ ఉండేది. రక్తం కారి రవిక వీపు నల్లగా అట్టకట్టేది. ఏ పిట్ట ఎలా వాలుతుందో, ఏది కంకి మీద ఎక్కి కూర్చుంటుందో, ఏది కిందనుంచి మెడ చాచి గుంజుతుందో కళ్ళు మూసుకుని చెప్పేది. పచ్చపిట్టలని చలికాలంలో ఉత్తరాదినుంచి వచ్చేవి ఉంటాయి. పొట్ట పసుపు ముద్దలా ఉంటుంది, ఆడదానికి ఆ పసుపు కూడా అంతంతమాత్రమే. వెయ్యి కలిసి ఒక్కసారిగా చేలో పడతాయి. ఆవిడ అసలు పగ వాటితోనే. అన్నిటికన్నా చిన్నది జీనువాయి, గుప్పెట్లో రెండు పడతాయి. దాని తిండి గట్టు మీద గడ్డి గింజ, ఊద గింజ. చేలోకి రాదు. అందుకని దాన్ని కొట్టే అవసరం ఆవిడకి ఎప్పుడూ పడలేదు.

ఇంత చంపే మనిషికీ ఒక చోట కట్టుబాటు ఉండేది. చేలో మెరక చెక్క మిగతాదానికన్నా ముందు పండేది. అది కోసిన రోజున మూడు గుప్పిళ్ళ కంకులు కావలి వాళ్ళవి. ఆ కంకులు ఈనెల దగ్గర అల్లి, జడలా మెలేసి, కుచ్చు కట్టి ఇంటి చూరుకి వేలాడదీసేవారు. కోనసీమలో కుచ్చు కట్టని ఇల్లు అరుదే గానీ, సాలమోను ఇంట్లో దానికి ఒక చట్టం ఉంది. చేలో పిట్ట దొంగ, చంపొచ్చు. చూరు నీడలోకి వచ్చిందంటే చుట్టం, దాని మీద చెయ్యి పడకూడదు. పడితే ఆ చెయ్యి మళ్ళీ జన్మలో వడిసెల పట్టకూడదు.

ఊరికే చెప్పిన మాట కాదు అది. సాలమోను సొంత తమ్ముడు ఒక శీతాకాలం చూరు కింద వాలిన నాలుగు పిచ్చుకల్ని గెడకర్రతో కొట్టి కూర వండుకున్నాడు. ఉడుకుతున్న కుండ ఎత్తి సాలమోను తమ్ముడి నెత్తిన పగలగొట్టాడు. నెత్తి మానింది, జుట్టు మళ్ళీ మొలవలేదు. వడిసెల లాక్కుని పొయ్యిలో పెట్టాడు. ఆ తమ్ముడు చచ్చేదాకా ఈతచాపలు అల్లుకునే బతికాడు. అప్పటికి పాపాయమ్మకి ఏడేళ్ళు. కాలిన తల వాసన ఆవిడ ముక్కులోంచి ఎప్పుడూ పోలేదు.

డెబ్బై ఆరులో, కార్తీకం వెళ్ళగానే, గంగాధర్ అనే కుర్రాడు సైకిలు మీద సరుగుడులంక వచ్చాడు. రాజోలులో కొత్తగా తెరిచిన పురుగుమందుల కొట్టు తరఫు మనిషి. టెర్లిన్ చొక్కా, చంకలో పిట్టల బొమ్మలున్న ఒక చిన్న పుస్తకం, సైకిలు కడ్డీకి కట్టిన ఎయిర్ గన్. ఆ ఏడు రాజుగారి చేలో పల్లపు మూల అరెకరం మేర కంకులు ఊకై నిలబడ్డాయి. పొద్దున్నే మంచులో గోధుమరంగు మబ్బొకటి లేచిపోవడం రాజుగారు కూడా చూశారు. గంగాధర్ ఆ ఊక గింజల్ని నలిపి చూసి, కావలి వాళ్ళతో అయ్యే పని కాదన్నాడు. మందు కలిపిన నూకలు గట్ల వెంట చల్లితే ఐదు రోజుల్లో పిట్ట అన్నది ఉండదని, దానికి ముందు గట్లు గడ్డి లేకుండా చెక్కించాలని చెప్పాడు. రాజుగారికి ఆ మాట నచ్చింది. మర్నాడే గట్లు నున్నగా గొరిగేశారు.

గడ్డి పోయేసరికి గట్ల వెంట బతికే జీనువాయిలన్నీ పేట వైపు లేచి వచ్చాయి. పాపాయమ్మ చూరుకి అప్పటికి వారం కిందటే కొత్త కుచ్చు కట్టి ఉంది. వందో, నూటయాభయ్యో వచ్చి దాని మీద పడ్డాయి. కుచ్చు గాలి లేకుండానే ఊగేది. గుమ్మంలో పొట్టు చినుకులా రాలేది. ఎదురింటి దీనమ్మ ఆ సందడి చూసి, నీకు పెళ్ళివారొచ్చేరే పాపాయీ అని రోజూ ఎకసెక్కెం ఆడేది.

మూడో రోజున గంగాధర్ కూడా వచ్చాడు. పాపాయమ్మ అరుగు మీద కూర్చుని గంజి తాగుతోంది. అతను పుస్తకం తెరిచి, కుచ్చు వంక చూసి, పేజీ తిప్పి, మళ్ళీ చూసి, దొరికిపోయాయన్నాడు. గోధుమరంగు, మందపు ముక్కు, గుంపుగా వాలడం. పుస్తకంలో ఆడ పచ్చపిట్ట గురించి రాసినవన్నీ కలిశాయి. చేలో లేచే మబ్బు ఇదేనని తేల్చేశాడు. అవి జీనువాయిలనీ, చేను మొహం చూడవనీ ఆవిడ చెప్పబోతుండగానే తుపాకీ ఎత్తి పేల్చాడు. పిట్ట ఎగిరి వచ్చి గంజిలో పడింది. గంజి ఎర్రబడింది.

ఆ తర్వాత జరిగింది దీనమ్మ చెప్పిందే లెక్క. పాపాయమ్మ గంజి సట్టె మెల్లగా పక్కన పెట్టింది. పిట్టని తీసి ఆకు మీద పడుకోబెట్టింది. లేచి, తుపాకీ గొట్టం పట్టుకుని లాగింది. తుపాకీతోబాటు గంగాధర్ కూడా వచ్చాడు. అతని ముంజేయి అరుగు అంచు మీద ఆనించి, పైనుంచి మోకాలు దింపింది. ఎండు తాటిమట్ట విరిగినట్టు చప్పుడైంది. అతను అరవడానికి నోరు తెరిస్తే పుస్తకం అందులో కుక్కింది. తుపాకీ గుంజకి వేసి బాదితే రెండు ముక్కలైంది, గేదె కొమ్ము అదిరి కిందపడింది. ఇదంతా అయ్యేలోపల కుచ్చు మీది పిట్టలు మళ్ళీ వచ్చి వాలాయట. దీనమ్మ ఆ మాట ఒట్టేసి చెప్పేది.

సాయంత్రం సుబ్బరాజు గారి వీధరుగు మీద పంచాయితీ. గంగాధర్ చేతికి వెదురు బద్దలు కట్టి ఉన్నాయి. పోలీసు కేసు పెట్టాలని వచ్చిన వాళ్ళు, వద్దని వచ్చిన వాళ్ళు, ఊరికే చూద్దామని వచ్చిన వాళ్ళు అందరూ కలిసి అరుగు కింద నిలబడ్డారు. పాపాయమ్మ మెట్టు దగ్గర చేతులు కట్టుకుని నిలుచుంది.

"చెయ్యి విరిచేవా లేదా?" అన్నారు రాజుగారు.

"విరిచేనండి."

"ఎందుకే?"

"మెడ అందలేదండి."

జనం నవ్వారు, రాజుగారు నవ్వలేదు. కేసు సంగతి తాను చూసుకుంటానన్నారు. కానీ చేను తినేది ఆ చిన్న పిట్టలే అయితే ఇంక మంచె అక్కర్లేదు, మందే చల్లిస్తానన్నారు. తినేది అవి కావని ఆవిడ చూపించగలిగితే కావలి ఆవిడదే. ఎలా చూపించాలని అడిగితే గంగాధరే చెప్పాడు: ఒకదాన్ని తెచ్చి అందరి ముందూ మెడ కింద తిత్తి కోసి చూడటమే. అందులో గడ్డి గింజ ఉంటే తాను ఊరు వదిలి పోతానన్నాడు. తాను కాల్చిన పిట్ట పనికొస్తుందేమోనంటే, దాన్ని అప్పటికే దీనమ్మ పిల్లి తినేసింది. ఆదివారం దాకా గడువిచ్చారు రాజుగారు.

పాపాయమ్మ మూడు రోజులు గట్ల వెంట తిరిగింది. చేలో ఒక్క జీనువాయి దొరికితే రాయితో కొట్టి తెచ్చేయొచ్చు. కానీ ఆవిడ వాదమే అది కదా, అవి చేలోకి రావని. గట్ల మీద ఉండేవి, ఆ గట్లు గొరిగేశారు. ఇప్పుడు జీనువాయి అన్నది ఊరు మొత్తంలో ఒక్క చోటే ఉంది. చూరు కింద.

శనివారం సాయంత్రం దీనమ్మ వచ్చి, పోనీ నేను పట్టిస్తానే, నాకే చట్టమూ లేదు అంది. పాపాయమ్మ ఒప్పుకోలేదు. ఇల్లు తనది, చూరు తనది. ఎవరి చేత్తో చంపించినా చంపింది తనే అవుతుందంది.

ఆదివారం చర్చి గంట కొట్టే వేళకి ఆవిడ అరుగు మీదికి ఎక్కి నిలబడింది. పిట్టలు బెదరలేదు. వారం రోజులుగా ఆ చేతుల కిందే తింటున్నాయి. ఒకటి ఆవిడ మణికట్టు మీద వాలి, అక్కణ్ణుంచి కంకి అందుకుంది. ఆవిడ కుడిచెయ్యి మూసింది. బొటనవేలితో మెడ నొక్కింది. అగ్గిపుల్ల విరిగినంత చప్పుడు కూడా రాలేదు. ముప్పై ఐదేళ్ళలో ఎన్ని వేల మెడలు విరిచిందో గానీ, ఆ ఒక్కదానికి మాత్రం ఆవిడ అరుగు దిగి, దడి పక్కకి వెళ్ళి, తాగిన గంజంతా కక్కుకుంది.

రాజుగారి వీధరుగు మీద తాటాకు పరిచి పిట్టని పెట్టారు. ఆవిడ రెక్కలు విడదీసి చూపించింది. పచ్చపిట్టలో సగం కూడా ఉండదు ఇది. ముక్కు గురివింద గింజ ఎరుపు. తోక మొదట్లో, రెక్కలు మూసుకుంటే కనబడని చోట, కుంకం అద్దినట్టు ఎరుపు. రెక్క మీద సూదితో పొడిచినట్టు తెల్లటి చుక్కలు. మగది జత కట్టే రోజుల్లో ఒళ్ళంతా ఎర్రబడుతుంది, మిగతా రోజుల్లో ఇలాగే మట్టిరంగులో ఉంటుంది. ఇది ఎర్ర జీనువాయి ఆడదండి అంది.

ముక్కు ఎర్రగా ఉంటే తాంబూలం వేసుకుందేమో, తిత్తి కోయించండని గంగాధర్ అన్నాడు.

క్షవరం కత్తితో కోశారు. తిత్తి చిట్లింది. తాటాకు మీదికి రాలినవి గడ్డి గింజలు కావు. పొట్టు ఒలిచిన వరి గింజలు, తెల్లగా, లెక్కకి పద్నాలుగు.

అరుగు కింద జనం ఒక్కసారి గొల్లుమన్నారు. అవి తన కుచ్చు గింజలని పాపాయమ్మకి తెలుసు. వారం రోజులు వరి పెట్టి మేపి, మేపిన చుట్టాన్ని తెచ్చి, దీని కడుపులో వరి లేదు చూడండని తనే కోయించింది. గడువు తొందరలో ఆ సంగతే తట్టలేదు. చెప్పబోయింది కూడా. నవ్వుల్లో వినబడలేదు. విన్న వాళ్ళిద్దరూ ఇంకా ఎక్కువ నవ్వారు.

రాజుగారు లేచి లోపలికి వెళ్తూ, మంచె విప్పించెయ్యమని పాలేరుతో చెప్పారు. గంగాధర్ పిట్టని, తిత్తిని, గింజల్ని అలాగే స్పిరిట్ సీసాలో వేసి బిరడా బిగించుకున్నాడు. కొట్టు యజమానికి పంపాలట.

పాపాయమ్మ ఇంటికొచ్చి వడిసెల దండెం మీద వేసింది. కుడిచేతిని పాత చీరపేలికతో ఒంటికి కట్టేసుకుంది, విరిగిన వాళ్ళలాగ. ఆ రోజు అన్నం ఎడంచేత్తో తింది.

మర్నాడు డప్పు వేశారు. ఐదు రోజులు మందు నూకలు చల్లుతున్నారు, బాతులు, కోళ్ళు, పశువులు చేను వైపు వదలకండి అని. డప్పు మోత విని పాపాయమ్మ అరుగు మీంచి లేచింది. మనుషులకి డప్పు వేశారు, పిట్టలకి ఎవరు వేస్తారు? కుచ్చు మరో పూటకి అయిపోతుంది. అయిపోగానే ఆ వందా గొరిగిన గట్ల మీదికే పోతాయి, అక్కడ నూకలుంటాయి.

ఆవిడ అటక మీంచి తన ఏడాది తిండి, మెరక చెక్క కోత కూలి కింద వచ్చిన కట్టలు, మొత్తం దింపింది. ఒంటిచేత్తో అల్లడం రాదు. కట్టలకి కట్టలే తాళ్ళేసి చూరు చుట్టూ వేలాడదీసింది. దీనమ్మ వచ్చి, తిండి కాకుల పాలు చేస్తున్నావని నానా తిట్లూ తిట్టి, ఇంటికెళ్ళి తన కట్టలు రెండు తెచ్చి తనూ కట్టింది. అయినా పిట్ట పిట్టే, పొద్దున లేచి పాత చోటుకి పోబోతుంది. పోకుండా కాయాలి.

తండ్రి శిక్ష చంపిన చేతికి. రెండోది ఏ పాపమూ ఎరగదు. పాపాయమ్మ ఎడంచేత్తో వడిసెల అందుకుంది.

ఆ చేత్తో విసిరిన మొదటి రాయి దీనమ్మ నీళ్ళబిందెని సొట్టబోగొట్టింది. రెండోది చర్చి గంటకి తగిలింది. మంగళవారం పూట ప్రార్థనేమిటో అనుకుంటూ ఇద్దరు ముసలివాళ్ళు వచ్చి బెంచీ మీద కూర్చున్నారు. మూడోది ఎటు పోయిందో తెలీదు గానీ, ద్రాక్షారామం వెళ్ళే బస్సు అద్దం పగిలిందని ఆ వారమంతా అనుకున్నారు. నాలుగో రాయికి చెయ్యి కుదిరింది. ముప్పై ఐదేళ్ళు పిట్టల్ని చేలోంచి అవతలికి తరిమిన మనిషి ఇప్పుడు చేను అంచున నిలబడి, అటు పోయే గుంపుకి ముందు రాయి వేసి, మళ్ళీ చూరు వైపు మళ్ళించేది. ఐదు రోజులూ పొద్దు పొడిచింది మొదలు పొద్దు గుంకేదాకా. కూర్చోలేదు. వేలి సందులు తెగి, వడిసెల తాడు ఎర్రబడి, ఎండి, మళ్ళీ ఎర్రబడింది.

చేలో మాత్రం మందు తన పని తాను చేసుకుపోయింది. మొదటి రోజు పచ్చపిట్టలు రాలాయి. రెండో రోజు గోరింకలు, గువ్వలు. రెక్కలు నేలకేసి కొట్టుకుంటూ, నోట నురుగుతో, గుండ్రంగా తిరిగి తిరిగి పడేవి. వాటిని తిన్న కాకులు మూడో రోజు, కాకుల్ని పీకిన కుక్కలు నాలుగో రోజు. ఒక కుక్క బోదెలో పడి, నీళ్ళు తాగుతూనే కాళ్ళు బిగదీసుకుంది. ఐదో రోజు తెల్లవారకట్ట గంప కింద నుంచి తప్పించుకుని రాజుగారి పందెం కోడి గట్టెక్కింది. కోళ్ళలో నల్ల డేగ రకం అది. రెండేళ్ళలో పదకొండు కోళ్ళని చంపిన కోడి. దాన్ని కొట్టిన కోడి గోదావరి జిల్లాల్లో లేదు. నాలుగు నూకలు కొట్టాయి.

ఆరో రోజు పాపాయమ్మ గంప తీసుకుని చేలో దిగింది. మధ్యాహ్నానికి గంప పట్టుకుని రాజుగారి అరుగు దగ్గరికి వచ్చింది. కోడిని ఒళ్ళో పెట్టుకుని ఆయన మెట్టు మీద కూర్చుని ఉన్నారు. గంగాధర్ ఒక స్తంభం వెనక ఉన్నాడు. ఆవిడ గంపలో చచ్చిన వాటిని ఒక్కొక్కటే తీసి, జాతికో వరసగా నేల మీద పేర్చింది. పచ్చపిట్టలే నాలుగు వరసలయ్యాయి.

"ఇందులో జీనువాయి ఉంటే చూపించండి" అంది.

గంగాధర్ పుస్తకంతో వంగి ప్రతి వరసా చూశాడు. ముక్కులు చూశాడు, తోకలు ఎత్తి చూశాడు. లేదు. కానీ దానివల్ల ఏం తేలిందని అక్కడున్న ఒకాయన అన్నాడు. నువ్వు నీ చూరు కింద ఉంచుకుని మేపావు, అందుకని రాలేదు, మొన్న తిత్తిలో వరి అందరం చూశాంగా. ఆ మాట నిజమే.

జవాబు గంగాధర్ దగ్గర ఉంది. అతను ఒక పచ్చపిట్ట తిత్తి తెరిచి చూశాడు. జేబులోంచి స్పిరిట్ సీసా తీశాడు. పంపనే లేదట. బిరడా పళ్ళతో లాగి, జీనువాయి తిత్తిలోని గింజ ఒకటి గోటితో నొక్కాడు. నలగలేదు, రాయిలా ఉంది. పచ్చపిట్ట తిత్తిలోది నొక్కాడు. పాలు చిమ్మింది.

"రాజుగారూ, చేలో కంకి ఇంకా పాల మీదే ఉందండి. ఎండు గింజ ఉన్నది కుచ్చులోనే. ఆ పిట్ట తిన్నది ఈవిడ పెట్టిందేనండి. చేలోది కాదు" అన్నాడు. సీసాకి బిరడా పెట్టి, "పొరపాటు నాదేనండి" అన్నాడు.

సుబ్బరాజు గారు కోడిని కింద పెట్టారు. గోడకి ఆనించిన చేపాటి కర్ర అందుకున్నారు. గంగాధర్ కదల్లేదు. మొదటి దెబ్బ భుజం మీద పడింది, రెండోది వీపు మీద. మూడోది బద్దలు కట్టిన చేతి మీదికి దిగుతుంటే మధ్యలో ఆగింది. పాపాయమ్మ ఎడంచేత్తో కర్ర పట్టుకుంది.

"ఒక చెయ్యి నేను విరిచేనండి. రెండోది ఉంచండి, రాసుకోవాలి కదా."

రాజుగారు గుంజారు. కర్ర రాలేదు. ఇంకోసారి గుంజారు. తర్వాత ఆయనే వదిలేసి కోడి దగ్గర కూర్చుండిపోయారు. మంచె మళ్ళీ వేయించుకోమన్నారు, ఆవిడ వైపు చూడకుండా.

"ఆయ్" అంది పాపాయమ్మ. "ఎడంచేత్తో కాస్తానండి. కుడిచెయ్యి ఇక లేదు."

ఆయనకి అర్థం కాలేదు. ఆవిడ గంగాధర్ చేతిలోంచి సీసా తీసుకుని, జీనువాయిని ఇంటికి తెచ్చి చూరు నీడలోనే గొయ్యి తీసి పెట్టింది.

ఆ తర్వాత పదకొండేళ్ళు ఆవిడ ఎడంచేత్తోనే చేను కాసింది. రాయి గోదావరి దాటే బలం మళ్ళీ రాలేదు, సగం దూరం వెళ్ళి నీళ్ళలో పడేదని పడవల వాళ్ళు కొంత తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నారు. కుడిచేతికి ఏడాదికి ఒక్కటే పని, మెరక చెక్క కోసిన రోజున కుచ్చు అల్లడం. అల్లి దీనమ్మకిచ్చేది. చూరుకి కట్టేది దీనమ్మే.

గంగాధర్ చెయ్యి వంకరగానే అతికింది. మందుల కొట్టు మానేసి రాజోలులోనే ఒక ట్యుటోరియల్‌లో పాఠాలు చెప్పుకునేవాడు. మార్గశిరం రాగానే ఆదివారాలు సైకిలేసుకుని వచ్చి, పాపాయమ్మ అరుగు మీద కూర్చుని కొత్త నోటుపుస్తకం తెరిచేవాడు. ఆవిడ లోపల పొయ్యి దగ్గర ఉండి, కుచ్చు మీద వాలింది ఏ పిట్టో చెప్పమనేది. తప్పు చెప్తే బయటికి వచ్చి ఎడంచేత్తో నెత్తి మీద ఒకటి ఇచ్చి వెళ్ళేది. మొదటి ఏడు అతను టోపీ పెట్టుకుని వచ్చేవాడు. రెండో ఏడు సగం రోజులు పెట్టుకున్నాడు.

మూడో ఏడు ఒక ఆదివారం టోపీ లేకుండా వచ్చి కూర్చున్నాడు. పొట్టు రాలుతోంది.

"ఏవిటండీ అది?" అంది లోపల్నుంచి.

"ఎర్ర జీనువాయండి. ఆడది. పక్కన దాని పిల్లలు రెండు, ముక్కు ఇంకా నల్లగానే ఉంది."

దెబ్బ పడలేదు. కాసేపటికి ఒక సట్టెడు గంజి వచ్చింది.